చిమ్నీ మీద ఒక అంకె, సర్వర్‌లో ఇంకో అంకె: ఆన్‌లైన్ ఉద్గార మీటర్లు సరిగ్గా బిగించే పద్ధతి

ఉమ్మడి నల్గొండ జిల్లా వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో కిల్న్ (రాయిని కాల్చే పెద్ద కొలిమి) చిమ్నీకి, పొగలోని దుమ్మును, గ్యాస్‌ను ఎప్పటికప్పుడు కొలిచే ఆన్‌లైన్ మీటరు ఉండడం కొత్త సంగతేమీ కాదు. కాలుష్యం ఎక్కువుండే 17 రకాల పరిశ్రమలు ఈ మీటర్లు పెట్టి తీరాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలోనే ఆదేశించింది. మీటర్లు వచ్చాయి, కాలుష్య మండలి సర్వర్లకు అంకెలు వెళ్తున్నాయి. ఆ అంకెలు చిమ్నీలోంచి నిజంగా పోతున్న దుమ్మునే చెప్తున్నాయా అన్నది వేరే ప్రశ్న.

తప్పు అంకె వచ్చిందనగానే అందరూ అనలైజర్‌ని, అంటే కొలిచే అసలు పరికరాన్ని, అనుమానిస్తారు. దాని తప్పు ఉండేది తక్కువ. రంధ్రం వేసిన చోటు, శాంపిల్ పైపులో చేరిన నీరు, లెక్కలో వదిలేసిన ఆక్సిజన్, లాగర్‌లో (అంకెలు దాచి సర్వర్‌కు పంపే పెట్టెలో) తప్పు పెట్టిన రేంజి, తప్పులు ఎక్కువగా పుట్టేది వీటిలోనే. అందుకే ఈ వివరణ చిమ్నీ దగ్గర మొదలై సర్వర్ దాకా వరసగా నడుస్తుంది. ఉదాహరణ కిల్న్ చిమ్నీది. మిల్లులకు, మందుల ఫ్యాక్టరీలకు తేడా వచ్చేది ఎక్కడో చివర్లో ఉంది.

రంధ్రం ఎక్కడ వేయాలి

మీటరుకు ఆర్డరు పెట్టే ముందు కన్సెంట్ ఆర్డర్ (కాలుష్య మండలి ఫ్యాక్టరీకిచ్చే అనుమతి పత్రం) తీసి ఏ చిమ్నీకి ఏ పరామితి, ఎంత హద్దు అని రాసుకోండి. వ్యర్థాలు కాల్చని కిల్న్‌కు దుమ్ము హద్దు నార్మల్ ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు. ఈ అంకె పొడి గ్యాస్‌కు, 10 శాతం ఆక్సిజన్ దగ్గరికి సవరించాక వచ్చేది. ఈ రెండో ముక్క చాలామంది చదవరు. దాని కథ కింద వస్తుంది.

డక్ట్ (గ్యాస్‌ను తెచ్చే పెద్ద గొట్టం) చిమ్నీలోకి చేరే చోట గ్యాస్ సుడి తిరుగుతుంది, దుమ్ము ఒక పక్కకు చేరుతుంది. అక్కడ మీటరు పెడితే ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ చూపిస్తుంది. డక్ట్ కలిసిన చోటి నుంచి పైకి చిమ్నీ వ్యాసానికి 8 రెట్లు, చిమ్నీ కొన నుంచి కిందికి 2 రెట్లు వదిలి రంధ్రం వేయాలన్నది నియమం. చిమ్నీ లోపలి వ్యాసం 3.5 మీటర్లైతే డక్ట్ పైన 28 మీటర్లు, కొన కింద 7 మీటర్లు. పాత చిమ్నీల్లో ప్లాట్‌ఫాం ఇంకా కిందనే ఉంటుంది. ఉన్న ప్లాట్‌ఫాంకే సర్దుకుపోదామనిపిస్తుంది. సర్దుకుంటే ఆ తర్వాత చేసే ప్రతి కాలిబ్రేషన్‌లోనూ (మీటరును సరిచూసే పనిలోనూ) ఆ తప్పు మోస్తూనే ఉండాలి. కొత్త ప్లాట్‌ఫాం ఖర్చు ఒక్కసారితో పోతుంది.

చేతితో శాంపిల్ తీసే పోర్టులు, మీటరు పోర్టు దగ్గర దగ్గరగానే ఉండాలి, కానీ ఒకే మట్టంలో ఉండొద్దు. అర మీటరు ఎడం ఉంటే చేతి ప్రోబ్ (శాంపిల్ లాగే పొడవాటి గొట్టం) మీటరు కాంతి దారికి అడ్డం రాదు. చేతి పోర్టులు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో రెండైనా కావాలి. ప్లాట్‌ఫాం మీద మనిషి ప్రోబ్ బయటికి లాగడానికి చోటుందో లేదో ముందే కొలవండి. మూడున్నర మీటర్ల చిమ్నీకి వాడే ప్రోబ్‌ను రెండడుగుల ప్లాట్‌ఫాం మీద నిలబడి తిప్పలేరు. 230 వోల్టుల ప్లగ్గు, లైటు, రెయిలింగు కూడా ఇప్పుడే పెట్టించుకోండి.

ఏ చిమ్నీకి ఏ దుమ్ము మీటరు

బ్యాగ్ ఫిల్టర్ (గుడ్డ సంచులతో దుమ్మును వడకట్టేది) తర్వాత దుమ్ము తక్కువ. అక్కడ కాంతి చెదిరే తీరును కొలిచే స్కాటరింగ్ మీటరు బాగా పనిచేస్తుంది. కాంతి ఎంత ఆగిందో చూసే ఒపాసిటీ మీటరు 30 మిల్లీగ్రాముల హద్దు దగ్గర తడబడుతుంది, దానికి దుమ్ము ఎక్కువ ఉండాలి. కడ్డీకి తగిలే కణాల విద్యుత్తును కొలిచే ట్రైబో మీటరు చవక. బ్యాగు చిరిగితే పసిగట్టడంలో దానికి సాటి లేదు. కానీ ఈఎస్‌పీ (కణాలకు విద్యుత్ చార్జి ఎక్కించి దుమ్మును పట్టే యంత్రం) తర్వాత ట్రైబో పెట్టకండి. ఈఎస్‌పీ కణాలకు ఎక్కించిన చార్జి ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి అంకె ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. తడి స్క్రబ్బర్ (నీళ్లతో గ్యాస్‌ను కడిగేది) తర్వాత కాంతి మీటరును నేరుగా చిమ్నీకి బిగిస్తే నీటి తుంపరనూ దుమ్ముగానే లెక్కేస్తుంది. అక్కడ గ్యాస్‌ను బయటికి లాగి వేడి చేసి కొలిచే రకమే కావాలి.

కాంతి మీటరుకు ప్రాణం పర్జ్ బ్లోయర్. అద్దం మీద దుమ్ము కూర్చోకుండా అది ఎప్పుడూ గాలి ఊదుతూ ఉంటుంది. ఒపాసిటీ మీటరులో అద్దం మురికైతే అంకె పెరుగుతుంది, వెంటనే ఎవరో ఒకరు పైకెక్కి తుడుస్తారు. స్కాటరింగ్ మీటరులో అదే మురికి వల్ల అంకె తగ్గుతుంది, ఎవరూ కదలరు. కాబట్టి ఏ కారణమూ లేకుండా దుమ్ము మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంటే సంతోషించకుండా బ్లోయర్ ఫిల్టర్ విప్పి చూడండి. క్లింకర్ (కిల్న్‌లోంచి వచ్చే సిమెంట్ గడ్డలు) యార్డు పక్కనుండే చిమ్నీకి ఆ ఫిల్టర్ నెలలోపే మూసుకుపోతుంది.

గ్యాస్ లైను

సల్ఫర్ డయాక్సైడ్, నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) కొలవడానికి మన దగ్గర ఎక్కువగా వాడేది చల్లార్చి ఆరబెట్టే పద్ధతి. ప్రోబ్ దగ్గర వేడి ఫిల్టర్, అక్కడి నుంచి కిందికి వేడి లైను, షెడ్డులో కూలర్, ఆ తర్వాత అనలైజర్. కూలర్ దాకా ఎక్కడా ఒక్క నీటి చుక్క కూడా పుట్టకూడదు, ఈ పద్ధతికి ఇదొక్కటే పెద్ద నియమం. లైను 180 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఫ్లాంజ్ దగ్గర, లైను ప్రోబ్‌కు కలిసే జాయింటు దగ్గర జానెడు మేర ఇన్సులేషన్ లేకుండా వదిలేస్తే ఆ జానెడులోనే గ్యాస్ చల్లబడి చెమ్మ పడుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ దాదాపు కరగదు. అందువల్ల నాక్స్ ఎప్పటిలాగే ఉండి సల్ఫర్ ఒక్కటే సున్నా దగ్గరికి వస్తే అది కిల్న్ గొప్పతనం కాదు, పైపులో నీళ్లున్నాయని అర్థం. ఆ జాయింటును చేతి గ్లవ్‌తో తాకి చూడండి. మిగతా లైను కంటే చల్లగా తగిలితే దొంగ దొరికినట్టే.

సిమెంట్ కిల్న్‌లో ఇంకో మెలిక ఉంది. రా మిల్లు (ముడి రాయిని పొడి చేసేది, కిల్న్ గ్యాస్ దాని గుండానే పోతుంది) నడుస్తుంటే మెత్తటి సున్నపురాయి పొడి సల్ఫర్‌ను పీల్చేసుకుంటుంది, కాబట్టి రీడింగు నిజంగానే తక్కువ ఉంటుంది. మిల్లు ఆగగానే పెరగాలి. మిల్లు ఆగినప్పుడు కూడా సల్ఫర్ గీత కదలకపోతే అప్పుడు లైనును అనుమానించాలి. నిజమైన తగ్గుదలను దొంగ తగ్గుదల నుంచి విడదీయడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. పైసా ఖర్చు లేదు, ట్రెండు చూస్తే చాలు.

లైను వేసేటప్పుడు ఎక్కడా కిందికి జారి మళ్లీ పైకి లేవకుండా ఒకే వాలులో దించండి. వేడి లైను మీటరుకు దాదాపు 100 వాట్లు తాగుతుంది. 40 మీటర్లంటే 4 కిలోవాట్లు, దాన్ని యూపీఎస్ మీద పెట్టకండి. అనలైజర్, లాగర్, మోడెం యూపీఎస్ మీద ఉంటే చాలు. అయితే కరెంటు పోయి వచ్చాక లైను పూర్తిగా వేడెక్కేదాకా పంపు మొదలవకుండా ఇంటర్‌లాక్ తప్పనిసరి. అది లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ చల్లటి లైనులోంచి తడి గ్యాస్ అనలైజర్ సెల్లులోకి (గ్యాస్‌ను కొలిచే గదిలోకి) పోతుంది. ఖరీదైన సెల్లు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే.

కూలర్ నీళ్లు బయటికి తోసే చిన్న పెరిస్టాల్టిక్ పంపు ట్యూబు ధర తక్కువే. అది చిట్లితే నీళ్లు ఎదురు తిరుగుతాయి, బయటి గాలి లోపలికి వస్తుంది. మూడు నెలలకోసారి మార్చేయండి, చిట్లేదాకా ఆగొద్దు.

18 ఎలా 35 అవుతుంది

చిమ్నీకి నేరుగా బిగించిన దుమ్ము మీటరు చూపించేది చిమ్నీలో ఉన్నది ఉన్నట్టు: వేడి గ్యాస్, తడి గ్యాస్, లోపలికి చొరబడ్డ గాలితో సహా. హద్దు లెక్క వేరు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మీటరు 18 మిల్లీగ్రాములు చూపిస్తోంది. గ్యాస్ వేడి 110 డిగ్రీలు, తేమ 10 శాతం, ఆక్సిజన్ 13 శాతం.

మొదట వేడి. మన దేశంలో నార్మల్ అంటే 25 డిగ్రీలు, 760 మిల్లీమీటర్ల పీడనం. కెల్విన్‌లో 383ని 298తో భాగిస్తే 1.285. 18ని దానితో గుణిస్తే 23.1. తర్వాత తేమ: 23.1ని 0.90తో భాగిస్తే 25.7. చివరగా ఆక్సిజన్: 20.9 నుంచి 10 తీస్తే 10.9, 20.9 నుంచి 13 తీస్తే 7.9, ఈ రెండింటి నిష్పత్తి 1.38. మొత్తం 35.5. మీటరు ముందు నిలబడ్డ మనిషికి 18 కనిపిస్తుంది, అసలు లెక్క హద్దు దాటి ఉంది.

ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, యూరప్ నుంచి వచ్చిన మీటర్లలో నార్మల్ అంటే సున్నా డిగ్రీలు. ఆ సెట్టింగు మార్చకపోతే అంకె 9 శాతం ఎక్కువ వస్తుంది, లేని అలారాలు మోగుతాయి. గ్యాస్‌ను పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) నుంచి మిల్లీగ్రాముల్లోకి మార్చేటప్పుడు కూడా ఇదే తేడా. 25 డిగ్రీల దగ్గర సల్ఫర్ డయాక్సైడ్‌కు 2.62, నైట్రోజన్ డయాక్సైడ్‌గా లెక్కేసే నాక్స్‌కు 1.88తో గుణించాలి. రెండోది పీడనం. వాడపల్లిలో కృష్ణ ఒడ్డున దీన్ని పట్టించుకోకపోయినా పెద్ద నష్టం లేదు. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పీడనమే 6 శాతం దాకా తక్కువ. పీడనం సెన్సర్ పెట్టకుండా 760 అని ఊరికే రాస్తే దుమ్ము అంత మేర తక్కువ చూపిస్తుంది.

మూడోది ఆక్సిజన్ లైనులో లీకు, ఇది కొంచెం తమాషాగా ఉంటుంది. శాంపిల్ లైనులోకి బయటి గాలి 10 శాతం చొరబడిందనుకోండి. సల్ఫర్, నాక్స్ 10 శాతం పలచబడతాయి, ఆక్సిజన్ పెరుగుతుంది, సవరణ లెక్క సరిగ్గా అంతే మేర పెంచేస్తుంది. సవరించిన గ్యాస్ అంకెల్లో తేడా కనపడదు. దుమ్ము మీటరు మాత్రం చిమ్నీకే ఉంది, దానిలో గాలి కలవలేదు, కానీ సవరణకు వాడుతున్నది ఈ లీకు ఆక్సిజన్‌నే. దుమ్ము అంకె 11 శాతం ఉత్తపుణ్యానికి పెరిగి కూర్చుంటుంది. బ్యాగులన్నీ విప్పి చూసినా చిరుగు దొరకదు, ఎందుకంటే లోపం బ్యాగుల్లో లేదు.

కిల్న్ వెలిగించేటప్పుడు ఆక్సిజన్ 20 శాతం దగ్గరుంటుంది. 10.9ని 0.9తో భాగిస్తే 12 రెట్లు. 5 మిల్లీగ్రాములు 60 అయిపోతుంది. కాబట్టి స్టార్టప్, షట్‌డౌన్ సమయాలకు లాగర్‌లో ప్రత్యేక ఫ్లాగ్ ఉండాలి, ముడి అంకె, సవరించిన అంకె రెండూ దాచాలి. ఆ గంటల డేటాను తీసేయడం మాత్రం తప్పు. ఫ్లాగ్‌తో పంపితే వివరణ ఉంటుంది, ఖాళీగా వదిలితే అనుమానం మిగులుతుంది.

తీగలు, రిజిస్టర్లు

4-20 మిల్లీ యాంపియర్ సిగ్నల్ అయితే అనలైజర్ రేంజి, లాగర్ రేంజి ఒకటేనా చూడండి. అనలైజర్ 0-100, లాగర్ 0-200 అని ఉంటే 12 మిల్లీ యాంపియర్‌కు ఒకటి 50 అంటే ఇంకోటి 100 అంటుంది. లూప్ కాలిబ్రేటర్‌తో 4, 8, 12, 16, 20 వరసగా ఇచ్చి 0, 25, 50, 75, 100 వస్తున్నాయో లేదో రాసుకోండి. ఈ అయిదు అంకెల కాగితం ప్యానెల్ తలుపు లోపల అతికించడం మంచి అలవాటు. 3.6 కంటే తక్కువ వస్తే అది సున్నా దుమ్ము కాదు, తీగ తెగింది. లాగర్ దాన్ని ఫాల్ట్‌గా చూపించేలా పెట్టండి.

ఆర్ఎస్-485 (రెండు తీగల డిజిటల్ లైను) మీద మోడ్‌బస్ (పరికరాలు అంకెలు పంపుకునే పద్ధతి) వాడితే రేంజి సరిచూసే పని తక్కువ, మీటరు స్టేటస్ కూడా వస్తుంది. షీల్డ్ ఉన్న మెలితీగనే వాడండి, షీల్డ్‌ను ఒక చివరే ఎర్త్ చేయండి, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. కరెంటు ఆపి రెండు తీగల మధ్య మల్టీమీటరు పెడితే 60 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు. 40 వస్తే ఎవరో మధ్యలో మూడోది పెట్టారు.

రిజిస్టర్ (పరికరంలో విలువ దాచే గడి) నంబరు ఒకటి పక్కకు జరగడం మామూలే. 40001 అని మాన్యువల్‌లో రాసింది లాగర్‌కు 0 కావొచ్చు. ఇంకా మోసం చేసేది జంట రిజిస్టర్ల వరస. 25.0 అనే విలువ రెండు రిజిస్టర్లలో 41సీ8, 0000 అని వస్తుంది. లాగర్ ఈ రెండింటినీ తారుమారు చేసి చదివితే వచ్చేది ఎంత చిన్న సంఖ్య అంటే తెర మీద 0.00 అని పడుతుంది. ఎర్రర్ రాదు, అలారం మోగదు. సెన్సర్ తెర మీద 25, సర్వర్‌లో 0.00. అందుకే కమిషనింగు రోజు చిమ్నీ దగ్గర ఒకరు, సర్వర్ పేజీ ముందు ఒకరు ఫోన్లో మాట్లాడుకుంటూ, అదే నిమిషపు అంకెలు పోల్చుకోవాలి. స్పాన్ గ్యాస్ (మోతాదు తెలిసిన సిలిండర్ గ్యాస్) ఇచ్చి చూస్తే ఇంకా మంచిది, ఎంత రావాలో ముందే తెలుసు కదా.

డేటా అనలైజర్ నుంచి లాగర్‌కు, అక్కడి నుంచి నేరుగా సర్వర్‌కు పోవాలి. మధ్యలో ఎక్సెల్ షీటున్న కంప్యూటర్ పెట్టకండి. రెండు కంపెనీల సిమ్‌లు, నెట్ లేనప్పుడు దాచుకుని తర్వాత పంపే మెమరీ ఉన్న లాగర్ తీసుకోండి. ఇనుప షెడ్డులో యాంటెన్నా ఉంటే సిగ్నల్ రాదు, బయట పెట్టండి. గడియారాన్ని నెట్ సమయంతో కలపండి. లాగర్ ప్రపంచ సమయంలో పంపుతుంటే మన డేటా అయిదున్నర గంటలు వెనక కనిపిస్తుంది, రాత్రి యంత్రం ట్రిప్ అయి ఆగితే సాయంత్రం ఆగినట్టు ఉంటుంది.

నల్గొండ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో 44 డిగ్రీలు దాటిన రోజున రేకుల షెడ్డు లోపల ఏ అనలైజరూ నిలవదు. ఏసీ రెండు పెట్టి మార్చి మార్చి నడపండి, షెడ్డు వేడి కూడా ఒక సెన్సర్‌తో లాగర్‌కు పంపండి. మధ్యాహ్నం రెండింటికి రోజూ రీడింగు పక్కకు జరిగిపోతుంటే జవాబు ఆ గీతలో దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలులతో పిడుగులు పడతాయి. చిమ్నీ మీది నుంచి దిగే ప్రతి సిగ్నల్ తీగకు రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ కావాలి.

కాలిబ్రేషన్

వారానికోసారి జీరో (సున్నా సరిచూడడం), పదిహేను రోజులకోసారి స్పాన్ (స్పాన్ గ్యాస్‌తో సరిచూడడం). గ్యాస్‌ను అనలైజర్ వెనక కాకుండా పైన ప్రోబ్ దగ్గర ఇవ్వండి. నైట్రోజన్ ప్రోబ్ దగ్గర ఇస్తే ఆక్సిజన్ సున్నాకు దిగాలి. 1 శాతం దగ్గర ఆగితే లైనులో లీకుంది. సల్ఫర్ స్పాన్ ప్రోబ్ దగ్గర ఇస్తే 80, అనలైజర్ దగ్గర ఇస్తే 100 వచ్చిందంటే 20 దారిలో కరిగిపోయింది. సిలిండర్ గడువు తేదీ చూడండి, పీడనం 10 బార్ కిందికి వచ్చాక దాన్ని నమ్మకండి.

దుమ్ము మీటరుకు సిలిండర్ లేదు. ఐఎస్ 11255 అనే భారతీయ ప్రమాణం పద్ధతిలో చేతితో శాంపిల్ తీసి, తూచి, మీటరు సిగ్నల్‌తో గీత గీయాలి. బిగించినప్పుడు మూడు లోడ్‌ల దగ్గర మూడేసి శాంపిళ్లు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి మళ్లీ మూడు. కిల్న్ విషయంలో లోడు ఒక్కటే మార్చితే సరిపోదు. రా మిల్లు నడిచేటప్పుడు, ఆగినప్పుడు విడివిడిగా తీయండి. గ్యాస్ వేడి, తేమ, కణం సైజు అన్నీ మారతాయి కాబట్టి ఒక పరిస్థితిలో గీసిన గీత ఇంకో పరిస్థితికి కుదరదు. బ్యాగ్ ఫిల్టర్ మీద అంకెలన్నీ ఒకే చోట గుమిగూడతాయి, అప్పుడు శుభ్రమైన గాలిలో తీసిన సున్నా బిందువును కలుపుకోండి.

మిల్లులు, మందుల ఫ్యాక్టరీలు, రోడ్డు దుమ్ము

మిర్యాలగూడ రైస్ మిల్లుల బాయిలర్లలో ఊక కాలుతుంది. ఊక బూడిదలో సిలికా ఎక్కువ, ఆకురాయిలా అరగదీస్తుంది. ట్రైబో కడ్డీ పెడితే ఆరు నెలలకోసారి బయటికి తీసి వ్యాసం కొలవండి, సన్నబడ్డ కడ్డీ తక్కువ చూపిస్తుంది.

జడ్చర్ల పోలేపల్లి, చౌటుప్పల్ వైపు మందుల ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ ఆవిరికి పీఐడీ సెన్సర్లు (దీపం కాంతితో ఆవిరిని అయనీకరించి కొలిచేవి) పెడతారు. వాటిలో మామూలుగా ఉండేది 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం. టొల్యూన్, అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) దానికి కనిపిస్తాయి. మిథనాల్, డైక్లోరోమీథేన్, క్లోరోఫాం, అసిటోనైట్రైల్ కనిపించవు, వాటిని అయనీకరించడానికి అంత శక్తి చాలదు. డైక్లోరోమీథేన్ డ్రమ్ము పక్కనే ఒలికినా సెన్సర్ సున్నా చూపిస్తుంది. కొనే ముందు మీరు వాడే సాల్వెంట్ల జాబితా, వాటి అయనీకరణ శక్తి పక్కపక్కన రాసుకోండి. 11.7 దీపం వీటిలో మిథనాల్, డైక్లోరోమీథేన్, క్లోరోఫాంలను చూడగలదు కానీ త్వరగా పోతుంది. 12.2 కావాల్సిన అసిటోనైట్రైల్‌కు ఏ పీఐడీ దీపమూ చాలదు.

క్రషర్, లారీ రోడ్డు, ప్యాకింగ్ హౌస్ చుట్టూ పెట్టే చిన్న లేజర్ సెన్సర్లు హెచ్చరికకు పనికొస్తాయి, హద్దు రుజువుకు పనికిరావు. కృష్ణ ఒడ్డున చలికాలం తెల్లవారుజామున మంచు దిగితే, గాలిలో తేమ 85 శాతం దాటగానే అవి నీటి కణాలను దుమ్ముగా లెక్కేస్తాయి. ప్రతి సెన్సర్‌లో తేమ కొలిచేది కూడా ఉండేలా చూసుకోండి, 85 దాటిన గంటలకు ఫ్లాగ్ వేయండి. బిగించే ముందు రెండు వారాలు అన్నింటినీ ఒకే స్టాండు మీద, అసలైన పీఎం 10 (10 మైక్రాన్ల లోపు దుమ్ము) శాంప్లర్ పక్కన ఉంచి ఒక్కోదాని తేడా రాసి పెట్టుకోండి. గాలి దిశ సెన్సర్ ఒకటి తప్పకుండా కావాలి. అది లేకపోతే దుమ్ము మన యార్డుదా, రోడ్డు అవతలి మట్టి లారీలదా చెప్పడానికి దారి ఉండదు.